ఆరిన దీపం – ఆర్పిన దీపం: గృహ స్వయంచాలన నియంత్రికల ప్రోగ్రామ్ రచనలో తెలుగు క్రియాభేదాల అన్వయం

వ్యాససంగ్రహం

ఇంటి దీపాలను నిర్ణీత వేళకు ఆర్పే ఎలక్ట్రానిక్ నియంత్రికలు నేడు సామాన్య గృహాలకు కూడా అందుబాటులోకి వచ్చాయి. వీటికి రాసే ఆజ్ఞలు చూడటానికి సులభంగా కనిపిస్తాయి. అయితే కరెంటు పోయి వచ్చే ప్రాంతాలలో, వృద్ధులు నివసించే ఇళ్లలో ఆ ఆజ్ఞలు తరచుగా విఫలమవుతాయి. ‘ఆరు – ఆర్పు’, ‘అయినప్పుడు – ఉంటే’ వంటి భేదాలను తెలుగు భాష సహజంగానే పాటిస్తుంది. నియంత్రికకు రాసే ప్రోగ్రామ్ ఆ భేదాలను విస్మరించడమే ఈ వైఫల్యాలలో ఎక్కువ వాటికి కారణమని ఈ వ్యాసం వివరిస్తుంది. నిమ్మనపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు గృహ పరిస్థితులను ఇందుకు నేపథ్యంగా స్వీకరించడమైనది.

కీలకపదాలు: గృహ స్వయంచాలన, నియంత్రిక, అకర్మక–సకర్మక క్రియలు, చేదర్థకం, నిమ్మనపల్లె, ఆటో స్టార్టర్, విద్యుత్ ఆదా.

1. ఉపోద్ఘాతం

‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్నది తెలుగు సామెత. దీపం ఎప్పుడో ఒకప్పుడు ఆరుతుందనే ఎరుక అందులో ఉంది. నూనె అయిపోయినా, గాలి వీచినా దీపం ఆరుతుంది. ఆ మాటను నేరుగా పలకడం అశుభమని భావించి ‘దీపం కొండెక్కింది’ అన్నారు పెద్దలు. దీపాన్ని నోటితో ఊది ఆర్పరాదన్న ఆచారం కూడా అనేక కుటుంబాలలో ఉంది. దీపం దానంతట అది ఆరడం వేరు, మనిషి ఆర్పడం వేరు అన్న స్పృహ ఈ పలుకుబడులన్నింటిలో కనిపిస్తుంది.

విద్యుద్దీపం వచ్చాక మాటలు మారాయి. లైటు ఆపడం, తీసెయ్యడం, కట్టేయడం, తెలంగాణలో బంద్ చేయడం వాడుకలోకి వచ్చాయి. మాట ఏదైనా, స్విచ్ దగ్గర ఒక మనిషి నిలబడి ఉండేవాడు. హోమ్ ఆటోమేషన్ కంట్రోలర్ ఆ మనిషి స్థానాన్ని తీసుకుంటుంది. ఈ వ్యాసంలో దీనిని ‘నియంత్రిక’ అని వ్యవహరించడమైనది. దానికి కళ్లు లేవు, వాక్యంలో చెప్పని విషయాన్ని ఊహించుకొనే శక్తి లేదు. అందువల్ల ‘రాత్రి దీపం ఆర్పు’ అనే మాటలో మనుషులు చెప్పకనే గ్రహించే అంశాలన్నింటినీ దానికి విడమరచి చెప్పవలసి ఉంటుంది.

2. నియంత్రిక: పరిణామం, నిర్మాణం

గృహ స్వయంచాలనకు తొలినాటి ప్రసిద్ధ పద్ధతి ఎక్స్‌10. స్కాట్లాండ్‌లోని గ్లెన్‌రోథస్‌కు చెందిన పికో ఎలక్ట్రానిక్స్ సంస్థ 1975లో దీనిని రూపొందించింది. ఇంట్లోని కరెంటు తీగలే ఇందులో సందేశాలను మోసుకుపోయేవి. 16 గృహ సంకేతాలు, ఒక్కొక్క దానిలో 16 పరికర సంకేతాలు కలిపి మొత్తం 256 చిరునామాలు ఉండేవి. దీని ఆజ్ఞలలో రెండు గమనించదగినవి. ఒకటి ‘దీపాలన్నీ వెలిగించు’, రెండవది ‘పరికరాలన్నీ ఆపు’. వెలిగించే ఆజ్ఞ దీపాలకే పరిమితమైంది, ఆపే ఆజ్ఞ సమస్త పరికరాలకూ వర్తించింది. ఎవరూ లేని ఇంట్లో ఇస్త్రీపెట్టె తనంతట తాను వేడెక్కితే ప్రమాదం, ఆగిపోతే ప్రమాదం లేదన్న భావన ఈ తేడాలో ధ్వనిస్తుంది. ఆర్పడం కూడా సంపూర్ణంగా నిరపాయం కాదన్న విషయం ముందు భాగాలలో విశదమవుతుంది.

నేటి నియంత్రికలు ఎక్కువగా వైఫై, జిగ్‌బీ, జెడ్‌–వేవ్ వంటి నిస్తంత్రీ పద్ధతులతో పనిచేస్తాయి. షాంఘైకి చెందిన ఎస్ప్రెసిఫ్ సంస్థ 2014 ప్రాంతంలో విడుదల చేసిన ఈఎస్‌పీ 8266 చిప్ వైఫై స్విచ్‌ల ధరను గణనీయంగా తగ్గించింది. నెదర్లాండ్స్‌కు చెందిన పౌలస్ స్కౌట్సెన్ 2013లో ప్రారంభించిన హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, వేర్వేరు సంస్థల పరికరాలను ఇంట్లోని ఒకే చిన్న కంప్యూటర్ నుంచి నడిపే అవకాశం కల్పించింది.

స్విచ్ బోర్డు వెనుక అమర్చే పరికరంలో ప్రధానంగా రెండు భాగాలు ఉంటాయి. ఆజ్ఞను స్వీకరించే చిప్ ఒకటి, 230 వోల్టుల ప్రవాహాన్ని కలిపి విడదీసే రిలే మరొకటి. చిప్ నిరంతరం మేల్కొని ఉండాలి కనుక దానికి ఫేజ్, న్యూట్రల్ తీగలు రెండూ కావాలి. పాత బోర్డులలో దీపపు స్విచ్‌కు ఫేజ్ మాత్రమే వస్తుంది. అదే బోర్డులో ప్లగ్ సాకెట్ ఉంటే న్యూట్రల్ కూడా ఉంటుంది. న్యూట్రల్ లేకుండా పనిచేసే పరికరాలు దీపం గుండానే స్వల్ప ప్రవాహాన్ని తీసుకుంటాయి. అప్పుడు కొన్ని ఎల్‌ఈడీ బల్బులు ఆర్పిన తరువాత కూడా మినుకుమినుకుమంటూ ఉంటాయి. దీపాన్ని ఆర్పారు, కాని దీపం ఆరలేదు. ఈ వాక్యంలోని రెండు క్రియల మధ్య ఉన్న ఎడమే తరువాతి చర్చకు మూలం.

3. ఆరు – ఆర్పు: స్థితికి కారణం

తెలుగులో అకర్మక, సకర్మక క్రియల జంటలు విరివిగా ఉన్నాయి. ఆరు – ఆర్పు, ఆగు – ఆపు, నిలుచు – నిలుపు, వెలుగు – వెలిగించు ఇందుకు ఉదాహరణలు. ‘దీపం ఆరింది’ అన్నప్పుడు కర్త దీపమే. ‘దీపం ఆర్పారు’ అన్నప్పుడు దీపం కర్మ, దాని వెనుక ఒక కర్త ఉన్నాడు. జరిగిన పనిని కాక నిలిచి ఉన్న స్థితిని చెప్పేటప్పుడు కూడా ఈ భేదం చెరగదు. ‘దీపం ఆరి ఉంది’, ‘దీపం ఆర్పి ఉంది’ అనే రెండు వాక్యాలు గదిలోని ఒకే చీకటిని వర్ణించినా, రెండవది ఎవరో కావాలని చేసిన పనిని సూచిస్తుంది.

ఇది తెలుగుకే పరిమితమైన లక్షణం కాదు. కన్నడంలో ‘ఆరు – ఆరిసు’ జంట ఉంది. తమిళంలో ‘అణై’ అనే ధాతువు ‘అణైందదు’ అని అకర్మకంగా, ‘అణైత్తాన్’ అని సకర్మకంగా రూపాంతరం చెందుతుంది. ఈ మూడు భాషలు కలిసే కుప్పంలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసిన ఆ సరిహద్దు నేలలో, ఏ భాషవారి ఇంట్లోనైనా ఈ భేదం రోజువారీ మాటలోనే ఉంది.

నియంత్రికల ప్రోగ్రామ్‌లలో మాత్రం సాధారణంగా ‘ఆఫ్’ అనే ఒకే పదం ఈ అర్థాలన్నింటినీ మోస్తుంది. కరెంటు పోయి ఆరినా, బల్బు మాడి ఆరినా, ఇంటివారు ఆర్పినా, గడియారపు నియమం ఆర్పినా రాసేది ఒక్కటే. ఈ లోపాన్ని గుర్తించిన వ్యవస్థలు అదనపు వివరాలను భద్రపరుస్తాయి. హోమ్ అసిస్టెంట్‌లో దీపానికి వెలిగి ఉండటం, ఆరి ఉండటం అనే స్థితులతోపాటు ‘అందుబాటులో లేదు’, ‘తెలియదు’ అనే స్థితులూ ఉన్నాయి. ప్రతి మార్పుకూ ఒక ‘సందర్భం’ జతపడుతుంది. ఆ మార్పును ఏ వినియోగదారు చేశాడో, ఏ నియమం చేసిందో దాని ద్వారా తెలుసుకోవచ్చు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే, ఆరిన దీపానికి కర్తను వెతికిపెట్టే ఏర్పాటు ఇది.

దీని ప్రయోజనం ఆచరణలో స్పష్టమవుతుంది. కదలిక కనిపిస్తే వసారా దీపం వెలిగించాలన్న నియమం ఉందనుకుందాం. వసారాలో మంచం వేసుకొన్న పెద్దాయన నిద్ర కోసం స్విచ్ నొక్కి దీపం ఆర్పుతాడు. ఆయన పక్కకు ఒత్తిగిలగానే నియంత్రిక మళ్లీ వెలిగిస్తుంది. ‘దీపం ఆరి ఉంటే వెలిగించు’ అని రాసినందువల్ల కలిగే ఇబ్బంది ఇది. ‘మనిషి ఆర్పి ఉంటే తెల్లవారే వరకు వెలిగించకు’ అని రాస్తే ఆయనకు నిద్ర దక్కుతుంది.

ఆజ్ఞారూపంలోనూ ఒక జాగ్రత్త అవసరం. అనేక స్విచ్‌లలో ‘ఆర్పు’, ‘వెలిగించు’ అనే ఆజ్ఞలతోపాటు ‘మార్చు’ అనే మూడవ ఆజ్ఞ ఉంటుంది. మెట్ల దగ్గర పైనొకటి కిందొకటి ఉండే రెండు స్విచ్‌ల పద్ధతి ఇదే. వెలుగుతుంటే ఆరుతుంది, ఆరి ఉంటే వెలుగుతుంది. మనిషి కంటితో చూసి నొక్కుతాడు కనుక ఇబ్బంది లేదు. దీపాలన్నీ ఆర్పే నియమంలో ‘మార్చు’ అని రాస్తే, అప్పటికే ఆర్పిన దీపాలు అర్ధరాత్రి వెలుగుతాయి. ‘ఆర్పు’ అనే ఆజ్ఞను ఒకసారి ఇచ్చినా పదిసార్లు ఇచ్చినా ఫలితం ఒక్కటే. స్వయంచాలనకు ఆ లక్షణమున్న ఆజ్ఞలే తగినవి.

4. అయినప్పుడు – ఉంటే: సంఘటన, నిబంధన

నియంత్రికకు రాసే నియమంలో సాధారణంగా మూడు అంగాలు ఉంటాయి. నియమాన్ని మేల్కొలిపే సంఘటన, అప్పుడు సరిచూడవలసిన నిబంధన, చేయవలసిన పని. తెలుగు వాక్యంలో వీటికి వేర్వేరు రూపాలున్నాయి. ‘పది గంటలు అయినప్పుడు’ అనేది సంఘటన, అది క్షణకాలం మాత్రమే జరుగుతుంది. ‘పది గంటలు దాటి ఉంటే’ అనేది చేదర్థక రూపం, అది కొనసాగే స్థితిని పరిశీలిస్తుంది. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం కొత్తవారి ప్రోగ్రామ్‌లలో తరచుగా కనిపించే దోషం.

నిమ్మనపల్లెలో ఒక నమూనా ఇంటిని ఊహించుకోవచ్చు. ముందు వసారా, లోపల నడిమిల్లు, వంటిల్లు, వెనుక పెరడు, ఆ పక్కన పశువుల కొట్టం ఉన్నాయి. పెరటి దీపానికి ఈ విధంగా రాశారనుకుందాం:

‘రాత్రి పది గంటలు అయినప్పుడు – పెరటి దీపం ఆర్పు.’

ఆ రాత్రి 9.50కి కరెంటు పోయి 10.20కి తిరిగి వచ్చింది. పది గంటలు అయిన క్షణంలో నియంత్రిక నిద్రాణంగా ఉంది. అది మేల్కొనేసరికి ఆ సంఘటన గడచిపోయింది. మళ్లీ పది గంటలు అయ్యేది మరునాడే. కరెంటు రాగానే వెలిగిన పెరటి దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంటుంది. ప్రోగ్రామ్‌లో అక్షరదోషం లేదు, వాక్యనిర్మాణమే లోపభూయిష్ఠం. దానిని ఇలా సవరించాలి:

‘రాత్రి పది గంటలు అయినప్పుడు గాని, నియంత్రిక మేల్కొన్నప్పుడు గాని – సమయం రాత్రి పదికీ ఉదయం ఆరుకూ మధ్య ఉంటే – పెరటి దీపం ఆర్పు.’

ఈ వాక్యంలోని ‘మధ్య’ అనే మాట కూడా యంత్రానికి సులభం కాదు. సమయం 22 కంటే ఎక్కువ, 6 కంటే తక్కువ ఉండాలని రాస్తే, ఏ సంఖ్యా ఆ రెండింటికీ ఒకేసారి ఒదగదు. నియమం ఎన్నడూ పనిచేయదు. ‘22 దాటి ఉంటే లేదా 6 లోపు ఉంటే’ అని రాయాలి. రాత్రిని అవిభక్తంగా భావించే మనిషికి ఈ చిక్కు తోచదు. యంత్రం అర్ధరాత్రి వద్ద దినాన్ని మారుస్తుంది. తెలుగువారి పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలవుతుంది. అందువల్ల ‘శనివారం రాత్రి ఒంటిగంటకు’ అని ఇంటివారు చెప్పిన వేళ యంత్రానికి ఆదివారం అవుతుంది. వారాల ప్రకారం నియమాలు రాసేటప్పుడు ఈ భేదాన్ని గమనించకపోతే పండుగనాటి దీపాలు ఒక రాత్రి ముందో వెనుకో ఆరిపోతాయి.

‘పొద్దుగూకే వేళ’ వంటి మాటను మాత్రం యంత్రం చక్కగా గ్రహిస్తుంది. అక్షాంశ రేఖాంశాలు ఇస్తే ప్రతిదినపు సూర్యాస్తమయాన్ని అది లెక్కిస్తుంది. మదనపల్లె సుమారు 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కంటే అది నాలుగు డిగ్రీలు పడమర. కనుక ఇక్కడ సూర్యుని గమనం ఆ రేఖ మీది కంటే సుమారు 16 నిమిషాలు ఆలస్యం. నవంబరు చివరలో కంటే జూలై ఆరంభంలో పొద్దు సుమారు ఒక గంట ఆలస్యంగా గూకుతుంది. ఏడాది పొడవునా ఒకే గడియారపు వేళకు దీపాలు వెలిగించి ఆర్పడం కంటే సూర్యుని అనుసరించడం ఈ కారణంగా మేలు.

గడియారం విషయంలో మరొక మెలకువ అవసరం. చౌకైన నియంత్రికలలో సమయాన్ని నిలుపుకొనే బ్యాటరీ ఉండదు. కరెంటు వచ్చిన ప్రతిసారీ అవి ఇంటర్నెట్ నుంచి సమయాన్ని తెలుసుకొంటాయి. ఇంటర్నెట్ అందకపోతే వాటిలో చాలా వాటికి అది 1970 జనవరి 1 అవుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న గడియారపు చిప్‌ను జతచేయడం ఇందుకు పరిష్కారం. అది వీలుకాకుంటే, సమయం తెలియనంతవరకు ఏ దీపాన్నీ కదిలించరాదని నియమం రాయాలి.

5. కరెంటు తిరిగి వచ్చినప్పుడు

కరెంటు పోయి వచ్చాక పరికరం ఏ స్థితిలో ఉండాలన్న ప్రశ్న ఈ ప్రాంతపు రైతులకు కొత్త కాదు. బోరు మోటార్లకు బిగించే ఆటో స్టార్టర్ దీనికి ప్రత్యక్ష నిదర్శనం. సరఫరా రాగానే మోటారు తనంతట తాను నడుస్తుంది. పొలానికి రాత్రివేళ పరుగెత్తే శ్రమ తప్పుతుంది. అయితే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఒకే క్షణంలో మొదలైతే దాని మీద అధిక భారం పడుతుంది. రైతు గమనించకుండానే భూగర్భజలం తోడబడుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా ప్రారంభించినప్పుడు ఆటో స్టార్టర్లను తొలగించాలని ప్రభుత్వం రైతులను కోరింది. కరెంటు రావడాన్ని ‘నడువు’ అనే ఆజ్ఞగా యంత్రం భావించడమే ఇక్కడి సమస్య.

ఇంటి దీపపు నియంత్రికలోనూ ఇదే ఎంపిక ఉంటుంది. కరెంటు వచ్చాక దీపం ఆరి ఉండవచ్చు, వెలగవచ్చు, లేదా పోకముందున్న స్థితికి చేరవచ్చు. చాలా పరికరాలలో ఈ మూడింటిలో ఒకదానిని నిర్ణయించుకొనే వీలుంది. అన్ని గదులకూ ఒకే సమాధానం సరిపోదు. పెరటి దీపం, పడకగది దీపం ఆరి ఉండటం మేలు. మంచం నుంచి స్నానాలగదికి వెళ్లే దారి దీపం వెలగడం మేలు. నడిమింటి దీపం పూర్వస్థితికి రావడం ఉచితం. ఈ నిర్ణయం చేయకుండా వదిలేస్తే తయారీదారు నిర్ణయమే ఇంటి నిర్ణయమవుతుంది.

ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలో కరెంటు పోవడాన్నే ఒక సంఘటనగా వాడుకోవచ్చు. సరఫరా ఆగినట్లు గుర్తించే చిన్న రిలేను ఇన్వర్టర్‌కు ముందున్న లైనుకు జతచేస్తే, ‘కరెంటు పోయి ఐదు నిమిషాలు దాటి ఉంటే దారి దీపం తప్ప మిగిలినవి ఆర్పు’ అని రాయవచ్చు. బ్యాటరీ తెల్లవారే వరకు నిలవడానికి ఇది తోడ్పడుతుంది.

6. మనిషి ఉన్నాడా?

ఎవరూ లేని గదిలో దీపం ఆర్పాలన్నది సహజమైన కోరిక. ఇందుకు వాడే సాధారణ సెన్సర్ శరీరపు వేడిలోని కదలికను గుర్తిస్తుంది. కదలని మనిషిని అది గుర్తించలేదు. జపం చేసుకొనే ముసలమ్మ, పుస్తకం చదువుకొనే విద్యార్థి, స్నానాలగదిలో కూర్చున్న వృద్ధుడు దానికి లేనట్టే లెక్క. శరీరానికీ పరిసరాలకూ మధ్య వేడి తేడా మీద అది ఆధారపడుతుంది కనుక, మండు వేసవిలో గది ఉష్ణోగ్రత శరీర ఉష్ణోగ్రతకు దగ్గరైనప్పుడు దాని గ్రహణశక్తి మరింత తగ్గుతుంది. సూక్ష్మ కదలికలను కూడా పసిగట్టే రాడార్ సెన్సర్లు ఈ లోపాన్ని చాలావరకు పూరిస్తాయి. అయితే అవి ఫ్యాను రెక్కలను, కదిలే తెరలను మనుషులుగా భ్రమించే అవకాశముంది.

‘కదలిక లేదు’ అనే వాక్యానికీ ‘మనిషి లేడు’ అనే వాక్యానికీ మధ్య ఉన్న దూరాన్ని ప్రోగ్రామ్ గుర్తించాలి. ఇందుకు పాత లాంతరు ఒక మార్గం చూపుతుంది. రాత్రివేళ లాంతరును పూర్తిగా ఆర్పక వత్తిని తగ్గించి ఉంచేవారు. నియంత్రిక కూడా ముందు వెలుగును పదో వంతుకు తగ్గించి, రెండు నిమిషాలు వేచి, అప్పటికీ కదలిక లేకపోతే ఆర్పవచ్చు. వెలుగు తగ్గగానే లోపలి మనిషి చెయ్యి కదిపితే దీపం నిలుస్తుంది. వెలుగును తగ్గించడానికి వీలున్న బల్బు, డిమ్మర్ ఇందుకు అవసరం. వృద్ధులు వాడే స్నానాలగదిలో మాత్రం సెన్సర్‌ను నమ్మి దీపం ఆర్పే నియమమే రాయకపోవడం క్షేమం. చీకటిలో జారి పడటం వల్ల కలిగే నష్టం ముందు ఆదా అయ్యే కరెంటు లెక్కలోకి రాదు.

7. ఆదా లెక్క

దీపాలను ఆర్పే నియంత్రికను సాధారణంగా విద్యుత్ ఆదా కోసం కొంటారు. ఈ లెక్కను ఒకసారి సరిచూడటం అవసరం. 60 వాట్ల పాత బల్బు రోజుకు 2 గంటలు వృథాగా వెలిగితే 30 రోజులకు 3.6 యూనిట్లు ఖర్చవుతుంది. 2015 జనవరిలో దేశవ్యాప్తంగా మొదలైన ఉజాలా పథకం వంటి కార్యక్రమాల ద్వారా ఇంటింటికీ చేరిన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అదే విధంగా వెలిగితే వృథా 0.54 యూనిట్లు మాత్రమే. నియంత్రిక తాను మేల్కొని ఉండటానికి 1 వాటు తీసుకుంటుందనుకుంటే, నెలకు దాని ఖర్చు 0.72 యూనిట్లు. ఒక్క ఎల్‌ఈడీ బల్బు కోసం ఒక నియంత్రికను పెడితే ఆదా కంటే ఖర్చే ఎక్కువని దీనివల్ల తేలుతుంది.

నాలుగైదు దీపాలను ఒకే పరికరంతో నడిపినప్పుడు, రాత్రంతా వెలిగే పెరటి దీపాలను ఆర్పినప్పుడు, ఫ్యాన్లు, నీళ్ల మోటారు కూడా నియమాలలో చేరినప్పుడు లెక్క అనుకూలంగా మారుతుంది. అయినప్పటికీ గృహ స్వయంచాలన అసలు విలువ కరెంటు బిల్లులో కంటే ఇతరత్రా ఎక్కువగా ఉంది. మోకాళ్ల నొప్పితో మంచం దిగలేని మనిషికి పెరటి దీపం ఆరడం, తెల్లవారుజామున పాలు పితికే వేళకు కొట్టంలో దీపం వెలగడం అటువంటివి.

8. ఆర్పే అధికారం ఎవరిది?

మదనపల్లె ప్రాంతం నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు వంటి నగరాలకు వెళ్లిన పిల్లలు ఊళ్లోని తల్లిదండ్రుల ఇంటి దీపాలను ఫోన్ ద్వారా చూడవచ్చు, ఆర్పవచ్చు. ఇది ఆప్యాయతతో చేసే పనే. కాని ఫోన్‌లో ‘వంటిల్లు – వెలుగుతోంది’ అని మాత్రమే కనిపిస్తుంది. తల్లి మరచి వెళ్లిందా, నిద్రపట్టక పాలు కాచుకొంటోందా అన్నది కనిపించదు. దూరం నుంచి ఆర్పే ముందు ఇంటికి ఒకసారి ఫోన్ చేయడం మేలు. ప్రోగ్రామ్‌లో కూడా గోడ మీది స్విచ్‌కే తుది అధికారం ఇవ్వాలి. ఇంట్లో ఉన్నవారు నొక్కిన స్విచ్‌ను దూరపు ఆజ్ఞ గాని, గడియారపు నియమం గాని వెంటనే రద్దు చేయరాదు.

ఈ సూత్రం సంస్థలకూ వర్తిస్తుంది. అనేక పరికరాలు ఇంటి స్విచ్ సందేశాన్ని సుదూరపు సర్వర్‌కు పంపి, అక్కడి నుంచి ఆజ్ఞ తిరిగి వచ్చాక పనిచేస్తాయి. ఇంటర్నెట్ ఆగితే నియమాలు ఆగుతాయి. అమెరికాలో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు 2022 ఏప్రిల్‌లో ముందస్తు ప్రకటన లేకుండా ఆగిపోయినప్పుడు, వినియోగదారులు ఫోన్ యాప్ ద్వారా తమ ఇళ్ల దీపాలను నియంత్రించలేకపోయారు. తరువాత కొందరు వినియోగదారులే ఆ సంస్థను కొని పునరుద్ధరించారు. ఇంట్లోని నియమాలు ఇంట్లోని పరికరంలోనే నడిచే ఏర్పాటును ఎంచుకోవడం ఈ దృష్ట్యా అవసరం.

దీపాలకు పెట్టే పేర్లు కూడా అధికారానికి సంబంధించినవే. ‘లైట్ 1’, ‘లైట్ 2’ అన్న పేర్లు బిగించిన మెకానిక్‌కు మాత్రమే అర్థమవుతాయి. ‘వసారా దీపం’, ‘కొట్టం దీపం’, ‘దారి దీపం’ అని ఇంటివారు పిలిచే పేర్లు తెలుగులిపిలోనే ఉంటే, ఆ ఇంటి పెద్దవారు కూడా నియమాన్ని చదివి బాగోగులు చెప్పగలరు.

9. ముగింపు

పై చర్చ వల్ల ఈ అంశాలు తేటతెల్లమవుతున్నాయి.

• దీపం ఆరి ఉండటం, మనిషి ఆర్పి ఉండటం వేర్వేరు స్థితులు. వీటిని వేరుచేయని ప్రోగ్రామ్ ఇంటివారి ఇష్టాన్ని తెలియకుండానే తోసిపుచ్చుతుంది.

• ‘అయినప్పుడు’ అనే సంఘటనకు ‘ఉంటే’ అనే నిబంధనను, నియంత్రిక మేల్కొన్న క్షణాన్ని జతచేస్తేనే కరెంటు పోయి వచ్చే ఊళ్లలో నియమం నిలబడుతుంది.

• కరెంటు తిరిగి వచ్చాక దీపం ఏ స్థితిలో ఉండాలో గది గదికీ విడిగా నిర్ణయించాలి. ఆటో స్టార్టర్ల అనుభవం ఈ ప్రాంతపు రైతులకు దీనిని ఇదివరకే నేర్పింది.

• కదలిక లేకపోవడం మనిషి లేకపోవడానికి రుజువు కాదు. సందేహమున్న చోట వెలుగును తగ్గించాలే తప్ప ఒక్కసారిగా ఆర్పరాదు.

• ఎల్‌ఈడీ దీపాల విషయంలో ఆదా స్వల్పం. నియంత్రికను సౌకర్యానికి, భద్రతకు సాధనంగా పరిగణించడమే సమంజసం.

ప్రోగ్రామ్ రాయడానికి ముందు ఆ నియమాన్ని సంపూర్ణమైన తెలుగు వాక్యంగా రాసుకోవడం, దానిని ఇంటివారికి చదివి వినిపించడం మంచి పద్ధతి. ఎవరు ఆర్పాలి, ఎప్పుడు ఆర్పాలి, ఏ స్థితిలో ఆర్పకూడదు అన్న ప్రశ్నలకు ఆ వాక్యంలో సమాధానం లేకపోతే, యంత్రభాషలోకి మార్చినంత మాత్రాన ఆ లోపం తొలగదు.